వంతు తెలిసిన స్టార్లు: ఫానియా ఆల్ స్టార్స్ 'చీతా' ఆల్బమ్ గురించి

పేరున్నవాళ్లందర్నీ ఒకచోట చేర్చి చేయించిన ఆల్బమ్ అంటే నాకు చాలాకాలం నమ్మకం ఉండేది కాదు. కవర్ మీద పేర్లు చూస్తే ఆశ పుడుతుంది. విన్నాక, వీళ్లలో ఏ ఒక్కరి సొంత రికార్డూ ఇంత చప్పగా ఉండదే అనిపిస్తుంది. ఒకరినొకరు నొప్పించకుండా, ఎవరి వాటా వాళ్లు పాడి వెళ్లిపోతారు. ఇప్పుడైతే ఒకే గదిలో కూర్చోవాల్సిన అవసరం కూడా లేదు. ఒకాయన మయామీలో, ఇంకొకాయన మాడ్రిడ్‌లో పాడి ఫైళ్లు పంపుకుంటే పని అయిపోతుంది.

ఆ అపనమ్మకం మొత్తం మీద సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అది పనిచేయని చోటు ఒకటుంది. 1971 ఆగస్టు 26, గురువారం రాత్రి న్యూయార్క్ మన్‌హాటన్‌లోని చీతా అనే క్లబ్‌లో ఫానియా ఆల్ స్టార్స్ అనే బృందం చేసిన కచేరీ, దాన్నుంచి 1972లో రెండు వాల్యూములుగా వచ్చిన లైవ్ ఆల్బమ్. లాటిన్ సంగీతంలో సూపర్‌గ్రూప్ అన్న మాట వస్తే అందరూ చెప్పే పేరు ఇదే. ఎందుకు గొప్పది అని అడిగితే మాత్రం చాలామంది పేర్ల జాబితా చదువుతారు. ఆ జవాబు తప్పని నా వాదన. ఆ రాత్రి గొప్పగా కుదరడానికి కారణం స్టార్ల సంఖ్య కాదు, వాళ్లు పాడిన పాట నిర్మాణం. ఎవరు ఎప్పుడు పాడాలో, ఎప్పుడు ఆగాలో ఆ సంగీతంలోనే రాసిపెట్టి ఉంది.

ముందు ఆ మనుషుల గురించి చెప్పాలి. పేర్ల జాబితా జవాబు కాకపోయినా, తెలుసుకోదగ్గ జాబితానే.

వేదికను నడిపించింది జానీ పచేకో. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన ఫ్లూట్ వాద్యకారుడు. 1964లో జెర్రీ మసూచి అనే లాయర్‌తో కలిసి ఫానియా రికార్డ్స్ అనే కంపెనీ పెట్టాడు. మసూచి బ్రూక్లిన్‌కి చెందిన ఇటాలియన్ అమెరికన్, అంతకుముందు పోలీసుగా పనిచేసినవాడు. పచేకో విడాకుల కేసు చూసిన లాయర్ కూడా ఆయనే. మొదట్లో కారు డిక్కీలో రికార్డులు వేసుకుని స్పానిష్ హార్లెమ్‌లో కొట్టు కొట్టుకీ తిరిగి అమ్మారు. కాంగా, అంటే చేతులతో వాయించే పొడవాటి డ్రమ్ము మీద రే బరెట్టో. న్యూయార్క్‌లోనే పుట్టిన ప్యూర్టోరికన్ బిడ్డ, సైనికుడిగా జర్మనీలో ఉన్నప్పుడు జాజ్ వ్యామోహంలో పడ్డవాడు. పియానో మీద లారీ హార్లో. ఆయన బ్రూక్లిన్ యూదు కుటుంబంలో పుట్టాడు. ఈ సంగీతం కోసం క్యూబా వెళ్లి, అక్కడ నేర్చుకుని తిరిగొచ్చాడు. బేస్ బాబీ వలెంటిన్‌ది. బాంగో అనే చిన్న జంట డ్రమ్ములు వాయించిన రొబెర్టో రోయెనా అసలు డాన్సర్. వాయిస్తూ కూడా ఆయన కాళ్లు ఊరుకోవు. ట్రాంబోన్ల వరసలో బారీ రోజర్స్ లాంటి తలపండిన మనిషి పక్కన విల్లీ కొలోన్ నిలబడ్డాడు. బ్రాంక్స్ కుర్రాడు, అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. పదిహేడేళ్లకే మొదటి ఆల్బమ్ తెచ్చినవాడు.

ఇక గాయకులు. ఎక్టర్ లవో, ఇస్మాయెల్ మిరాండా, పీట్ 'ఎల్ కొండే' రోడ్రిగెస్, అదల్బెర్టో సాంటియాగో, సాంటోస్ కొలోన్, బాబీ క్రూస్, చేయో ఫెలిసియానో. వీళ్లలో ప్రతి ఒక్కరూ ఒక బ్యాండుకి ముందు నిలబడి పాడే ప్రధాన గాయకులు. ఇంతమంది ప్రధాన గాయకుల్ని ఒకే మైకు చుట్టూ నిలబెడితే ఏమవ్వాలి? మామూలుగా అయితే గొడవే.

గొడవ ఎందుకు కాలేదో చెప్పాలంటే సల్సా అని పిలిచే ఈ సంగీతం ఎలా కట్టారో కొంచెం చూడాలి. దీని మూలం క్యూబా తూర్పు ప్రాంతంలో పుట్టిన సోన్ అనే పాట పద్ధతి. 1940లలో అర్సేనియో రోడ్రిగెస్ అనే అంధ సంగీతకారుడు దానికి కాంగా, పియానో, ఒకటికి మించి ట్రంపెట్లు చేర్చి బరువు పెంచాడు. పాట రెండు భాగాలు. మొదటి భాగంలో కథ ఉంటుంది, సాహిత్యం రాసింది రాసినట్టే పాడతారు. రెండో భాగం పేరు మొంతూనో. అక్కడికి వచ్చేసరికి పియానో ఒక చిన్న సంగతి పట్టుకుని తిప్పుతూనే ఉంటుంది, బేస్ దాని కింద నడుస్తుంది, వంత పాడేవాళ్లు ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ అందుకుంటారు. ఆ పంక్తికీ పంక్తికీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. ప్రధాన గాయకుడి చోటు ఆ ఖాళీయే. అక్కడ అప్పటికప్పుడు కట్టిన మాటలు పడాలి, ప్రాస కుదరాలి, ఖాళీ అయ్యేలోపు ముగియాలి. బుర్రకథలో కథకుడు ఎంత విజృంభించినా వంతలు అందుకునే చోటికి వచ్చి ఆగాల్సిందే కదా, ఇక్కడా అంతే.

వీటన్నిటికీ కింద క్లావే ఉంటుంది. రెండు కర్రలు తాకించి వేసే ఐదు దెబ్బల వరస. ఒక పక్క మూడు, ఒక పక్క రెండు. అది ఎవరూ వాయించకపోయినా అందరి తలలోనూ నడుస్తూ ఉంటుంది. ట్రంపెట్ వాక్యం మొదలైనా, గాయకుడి మాట పడినా, కాంగా మీద చెయ్యి లేచినా ఆ ఐదు దెబ్బలకు లోబడే జరగాలి. దానికి ఎదురు పోతే ఎంత పెద్ద స్టార్ అయినా వెంటనే దొరికిపోతాడు. వేదిక మీద తోటివాళ్లకే కాదు, కింద డాన్స్ చేసేవాళ్ల కాళ్లకు కూడా తెలిసిపోతుంది.

అంటే ఇక్కడ స్టార్ల అహాన్ని అదుపు చేయడానికి మేనేజర్ అక్కర్లేదు, మర్యాదలూ అక్కర్లేదు. చోటు ఎంతో ముందే కొలిచి ఉంది. ఆ కొలతలో ఏం చేస్తావన్నదే ప్రశ్న.

మొదటి వాల్యూములోని 'కీతాతే తూ' ఈ విషయాన్ని దాచకుండా బయటపెట్టే పాట. 'నువ్వు పక్కకు తప్పుకో, నేను నిలబడతాను' అన్నదే వంత. పచేకో, వలెంటిన్ కలిసి కట్టారు. పావుగంట దాటి సాగుతుంది. గాయకులు ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకొచ్చి, ముందువాడి కన్నా తానెందుకు మెరుగో పాడతారు. ఆశువుగా ప్రాసలు కట్టి పోటీ పడటం ప్యూర్టోరికో కొండ ఊళ్లలో పాత సంప్రదాయం. లవో లాంటివాళ్లు అది వింటూ పెరిగినవాళ్లే. వినేటప్పుడు ఒక సంగతి గమనించండి. ఒకరు విజృంభిస్తున్నప్పుడు మిగతా గాయకులు పక్కకెళ్లి నీళ్లు తాగడం లేదు. వాళ్లే వంత పాడుతున్నారు. తనను దించేయబోయేవాడికి తనే వంత పాడటం, ఆ తర్వాత తన వంతు అందుకోవడం. పోటీ నిజమైనదే, సాయమూ నిజమైనదే. రెండూ ఒకే గొంతులోంచి వస్తున్నాయి. స్పానిష్ రాని నాకు ఆ మాటల్లోని చమత్కారం సగం కూడా అందదు. అయినా లవో ఆ సన్నటి, ముక్కుతో పలికే గొంతుతో తాళానికి కొంచెం వెనకపడి, ఇక అందుకోలేడనుకున్న క్షణంలో అందుకున్నప్పుడు ఏం జరిగిందో అర్థమవడానికి భాష అక్కర్లేదు.

ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు మాత్రం ఇది కాదు. 'అనకావోనా'.

చేయో ఫెలిసియానో ప్యూర్టోరికోలోని పోన్సేలో పుట్టాడు. 1960లలో జో క్యూబా సెక్స్‌టెట్‌లో పాడి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత హెరాయిన్ ఆయన్ని మింగేసింది. పాడటం మానేసి ప్యూర్టోరికోకి తిరిగి వెళ్లి, మత్తు మాన్పించే కేంద్రంలో చేరి బయటపడ్డాడు. ఆయన మళ్లీ నిలబడేలా పాటలు రాసిచ్చిన వ్యక్తి తీతే కురెట్ అలోన్సో. పగలు పోస్టాఫీసులో ఉద్యోగం, మిగతా సమయంలో పాటలు. సల్సాకి ఆయనంత గొప్ప రచయిత ఇంకొకరు లేరని చాలామంది మాట, నా మాట కూడా. అనకావోనా ఆయన రాసిందే. స్పానిష్‌వాళ్లు వచ్చేనాటికి హిస్పానియోలా ద్వీపంలో తాయినో అనే ఆదివాసీ ప్రజల నాయకురాలు అనకావోనా. గవర్నర్ ఒవాందో హయాంలో ఆమెను ఉరితీశారు. బందీ అయిన ఆ స్త్రీ గురించి, స్వేచ్ఛ దొరకని ఆమె గుండె గురించి, నాలుగు వందల ఏళ్లు దాటాక న్యూయార్క్‌లో ఒక డాన్స్ హాల్లో జనం ఊగిపోతుండగా పాడుతున్నాడు ఒకాయన. ఆయనే ఇంకో రకం చెరలోంచి అప్పుడే బయటికొచ్చినవాడు. హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలుసు.

ఆ పాటలో ఫెలిసియానో గొంతు లోతైనది, తొందర లేనిది. చుట్టూ ఇంత పెద్ద వాద్యబృందం పెట్టుకుని కూడా ఒక్కసారి అరవడు. ఇక్కడ మిగతా స్టార్లు చేసిన పనే నాకు ముఖ్యం. తిరిగొచ్చిన తోటివాడి కోసం వాళ్లంతా వంత అయిపోయారు. బరెట్టో, హార్లో, కొలోన్, అందరూ సొంత బ్యాండ్లున్న నాయకులే. ఆ కొద్ది నిమిషాలు వాళ్లెవరూ నాయకులు కారు. అలా తగ్గాలని వాళ్లకి ఎవరో చెప్పాల్సిన పని లేదు. మొంతూనోలో కూర్చుంటే అలాగే వాయించాలి.

ఫానియా ఇలా స్టార్లను కలపడం అదే మొదటిసారి కాదు. 1968లోనే గ్రీన్‌విచ్ విలేజ్‌లోని రెడ్ గార్టర్‌లో చేసింది. ఆ రికార్డులు పెద్దగా కదల్లేదు. అంతకుముందు 1960ల మొదట్లో అలెగ్రే ఆల్ స్టార్స్ ఉన్నారు, 1966లో విలేజ్ గేట్‌లో టీకో ఆల్ స్టార్స్ వాయించారు, ఇంకా వెనక్కి వెళితే 1957లో హవానాలో కచావో రాత్రుళ్లు తోటి వాద్యకారుల్ని పోగేసి చేసిన దెస్కార్గా, అంటే అప్పటికప్పుడు కలిసి వాయించే రికార్డులున్నాయి. అంటే పద్ధతి పాతదే. 1971 నాటికి మారింది చుట్టూ ఉన్న పరిస్థితి. అమెరికా ఆంక్షలతో క్యూబా నుంచి కొత్త సంగీతం రావడం ఆగిపోయి పదేళ్లయింది. న్యూయార్క్‌లో లాటిన్ సంగీతానికి పేరుపడ్డ డాన్స్ హాలు పల్లాడియం బాల్‌రూమ్ 1966లో మూతబడింది. ఈస్ట్ హార్లెమ్‌లో, సౌత్ బ్రాంక్స్‌లో పుట్టి పెరిగిన ప్యూర్టోరికన్ కుర్రకారు చెత్త ఎత్తని వీధుల మీద, వసతుల్లేని ఆస్పత్రుల మీద ఉద్యమాలు చేస్తున్న కాలం. వాళ్లకి ఒక సొంత సంగీతం కావాలి. లియోన్ గాస్ట్ తీసిన 'అవర్ లాటిన్ థింగ్' సినిమాలో ఈ కచేరీతో పాటు ఆ వీధులూ కనిపిస్తాయి. చీతా వేదికకీ ఆ వీధులకీ మధ్య దూరం లేదని చూపించడమే ఆ సినిమా చేసిన మంచి పని.

ఇప్పుడు ఎదురు వాదనలకు వస్తాను. అవి చిన్నవి కావు.

మొదటిది, ఇదంతా ఒక కంపెనీ ప్రచారమని. నిజమే. వేదిక మీదున్నవాళ్లంతా ఫానియా, దాని అనుబంధ లేబుళ్ల కళాకారులు. ఒక్క కచేరీ చూసినవాడు పది ఆల్బమ్‌లు కొనాలన్నదే మసూచి లెక్క. కానీ అమ్మడానికి చేసినంత మాత్రాన సంగీతం అబద్ధం అయిపోదు. మసూచి డబ్బు కోసం హాలు మాట్లాడి ఉండొచ్చు. క్లావేని మాత్రం ఆయన కొనలేడు.

రెండోదానికి నా దగ్గర సమాధానం లేదు, ఉండకూడదు కూడా. పాత క్యూబన్ పాటల్ని తీసుకుని, రచయిత పేరు ఉండాల్సిన చోట 'డి.ఆర్.' అని రెండక్షరాలు వేసి వదిలేయడం ఫానియాకి అలవాటు. హక్కులు రిజర్వు చేశామని దాని అర్థం. ఆంక్షల వల్ల డబ్బు పంపలేమన్నది సాకు. హవానాలో ఆ పాట కట్టినవాడికి పేరూ రాలేదు, పైసా రాలేదు. సొంత కళాకారులతోనూ అంతే: తమకు రాయల్టీలు సరిగా అందలేదని ఫానియా గాయకులు, వాద్యకారులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఫానియాలోనే పాడిన గాయకుడు రుబెన్ బ్లేడ్స్ కోర్టుకే వెళ్లాడు. తీతే కురెట్ కథ ఇంకా బాధ. హక్కుల తగాదా వల్ల ఆయన పాటలు ప్యూర్టోరికో రేడియోలో ఏళ్లపాటు వినిపించలేదు. ఆయన 2003లో పోయేనాటికి కూడా ఆ నిశ్శబ్దం తొలగలేదు. తన దేశంలో తన పాట మోగకుండా పోయిన కవి ఆయన. వేదిక మీద వంతుల లెక్క ఇంత న్యాయంగా ఉన్న సంగీతంలో, ఆఫీసు పుస్తకాల లెక్క ఇంత అన్యాయంగా ఉంది. మొదటిదాన్ని మెచ్చుకుంటూ రెండోదాన్ని మరచిపోవడం నాకు చేతకాదు.

మూడోది, ఆ రాత్రి వాయించినవాళ్లలో, పాడినవాళ్లలో ఒక్క స్త్రీ కూడా లేదు. ఇది కొరతే. క్యూబన్ గాయని సీలియా క్రూస్ తర్వాత చేరింది. 1974 సెప్టెంబరులో కిన్షాసాలో ఈ బృందంతో కలిసి ఆమె పాడటం చూస్తే, చీతాలో ఏం లేదో తెలుస్తుంది. (ఆ కిన్షాసా జనానికి ఈ సంగీతం కొత్త కాదు. క్యూబన్ రికార్డులు ఎన్నో ఏళ్ల క్రితమే కాంగో చేరి అక్కడి రుంబా సంగీతానికి ఊపిరి పోశాయి. ఆఫ్రికా నుంచి క్యూబా వెళ్లిన లయ రికార్డుల్లో ఒకసారి ఆఫ్రికాకే తిరిగొచ్చి, ఈ బృందంతో మళ్లీ వచ్చింది.) వేదిక మొత్తాన్ని ఒంటిచేత్తో లాగగల మనిషి సీలియా. ఆమె కూడా వంత వచ్చే చోట ఆగుతుంది. ఆగి, నవ్వి, మళ్లీ అందుకుంటుంది.

1973 ఆగస్టులో యాంకీ స్టేడియం కచేరీ గురించి క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. నలభై వేలకు పైగా జనం. రే బరెట్టో, మోంగో సాంటామరియా ఎదురెదురుగా కాంగా వాయిస్తుంటే ఆగలేక జనం మైదానంలోకి దూకారు, కచేరీ అక్కడితో ఆగిపోయింది. ఆ పేరుతో తర్వాత వచ్చిన ఆల్బమ్‌లో చాలా భాగం సాన్ హువాన్‌లో రికార్డు చేసిందే. అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చోటు దొరికింది దానికే గానీ చీతాకి కాదు. సంఘటనగా యాంకీ స్టేడియం పెద్దది, సంగీతంగా చీతా పెద్దది. నా ఓటు చీతాకే.

నా వాదనకు అసలు రుజువు 1976లో ఉంది. ఫానియాకి కొలంబియా లాంటి పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఇంగ్లిష్ మాట్లాడే శ్రోతల దగ్గరికి వెళ్లాలన్నది ఆలోచన. 'డెలికేట్ అండ్ జంపీ' అనే ఆల్బమ్ చేశారు. జీన్ పేజ్‌తో అరేంజ్‌మెంట్లు చేయించారు, ఇంగ్లండ్ రాక్ సంగీతకారుడు స్టీవ్ విన్‌వుడ్‌ని గిటార్‌కి పిలిచారు. డబ్బుంది, స్టూడియో ఉంది, చీతాలో లేనంత పేరున్న అతిథి ఉన్నాడు. పచేకో ఉన్నాడు, బరెట్టో ఉన్నాడు. అయినా ఆ రికార్డు ఇవాళ ఎవరికి గుర్తుంది? వయొలిన్లు మెత్తగా పరుచుకుంటాయి, డిస్కో బీటు నడుస్తుంది, వాద్యాలన్నీ శుభ్రంగా వినిపిస్తాయి. లేనిది ఒక్కటే. పట్టు పట్టే వంత లేదు, దానికి ఎదురు నిలబడి ప్రాస కట్టే గాయకుడు లేడు. వంతు తీసేశాక స్టార్లు మిగిలారు. ఆ స్టార్లకి చేయడానికి పనే లేకపోయింది. ఆ తర్వాత అదే దారిలో వచ్చిన 'రిథమ్ మెషిన్' విన్నా నాకు ఇదే అనిపించింది.

స్టార్లు గొప్పవాళ్లు కాబట్టే చీతా గొప్పదయితే ఐదేళ్లలో వాళ్లు చిన్నవాళ్లయిపోయారా? లేదు. అదే కాలంలో వాళ్లలో చాలామంది తమ సొంత బ్యాండ్లతో జీవితంలోనే మేలైన రికార్డులు చేస్తున్నారు. 1978లో కొలోన్, బ్లేడ్స్ కలిసి చేసిన 'సియెంబ్రా' ఒక్కటి చాలు. మనుషుల్లో లోటు లేదు. వాళ్లను కూర్చోబెట్టిన తీరులో లోటుంది.

వినాలనుకుంటే మొదటి వాల్యూముతో మొదలుపెట్టండి. ఫానియా పాత టేపులు 2005లో కొత్త యజమానుల చేతికొచ్చాక శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు, స్ట్రీమింగ్ యాప్‌లలో సులువుగానే దొరుకుతాయి. 'దెస్కార్గా ఫానియా'లో ఒక్కో వాద్యం ఎలా ముందుకొచ్చి వెనక్కి తగ్గుతోందో పట్టుకోండి. తర్వాత 'అనకావోనా'. 'కీతాతే తూ'ని మధ్యలో ఆపకండి, పావుగంట తీరిక ఉన్నప్పుడే పెట్టండి. రెండో వాల్యూములో రికార్డో రే పియానో, బాబీ క్రూస్ గొంతు జంటగా వచ్చే 'అవోరా వెంగో యో' వదలకండి. వింటున్నంతసేపూ ముందు పాడేవాడి మీద కాకుండా వెనక వంత మీద చెవి పెట్టి చూడండి. ఆ గొంతుల్లో కాసేపటి క్రితం ముందు నిలబడ్డవాడు ఎక్కడున్నాడో వెతకండి.